రంగు చూసి ఏరిన గబ్బిలాలు

గబ్బిలానికి ఒక మొహం ఉంటుందని నాకు ఇరవై మూడో ఏట తెలిసింది. అంతవరకు అది నాకు పొద్దుగూకే వేళ నెత్తి మీదుగా పోయే నల్ల గుడ్డపేలిక, అంతే. వరంగల్‌లో యూనివర్సిటీ జువాలజీ ల్యాబులో ఒక రోజు మా సారు స్పిరిట్ సీసాలోంచి ఒకదాన్ని పట్టకారుతో పైకి తీసి, దూది మీద ఆరబెట్టి, భూతద్దం కింద పెట్టి, "చూడమ్మా" అన్నారు. చూశాను. కళ్ళు పైకెత్తి సారు మొహం చూశాను. మళ్ళీ భూతద్దంలోకి వంగాను.

ముక్కు ఉండాల్సిన చోట ఒక ఆకు ఉంది. కింద గుర్రపు లాడం ఆకారంలో చర్మపు మడత, దాని నడుమ రెండు సన్నటి రంధ్రాలు, వాటి పైన అడ్డంగా చిన్న దిండు, ఆ దిండు మీద నిలువుగా లేచిన పల్చటి ఆకు. ఆ ఆకు వెనక బుల్లి బుల్లి గదులు. ఇదంతా నా చిటికెన వేలి గోరంత జాగాలో ఉంది. ఎవరో పనిమంతుడు దీపం దగ్గర పెట్టుకొని మెత్తటి తోలును మడిచి మడిచి కుట్టాడేమో అనిపించింది. "ఇదెందుకు సార్ దీనికి?" అన్నాను, గొంతు తగ్గించి, అది వింటుందేమో అన్నట్టు.

"ఇవి నోటితో కాకుండా ముక్కుతో అరుస్తాయి" అన్నారు సారు. "మన చెవికి అందని అరుపు. ఈ ఆకు ఆ అరుపును ఎటు కావాలంటే అటు తిప్పుతుంది. అది పోయి పురుగుకు తగిలి వెనక్కొస్తే, పురుగు ఎంత దూరంలో ఉందో, ఎటు ఎగురుతోందో దీనికి తెలిసిపోతుంది. నీ చెవి పక్కన అరిచినా నీకు మాత్రం ఏమీ వినపడదు."

నాకు ఒళ్ళు జలదరించింది. కాజీపేటలో మా రైల్వే క్వార్టర్ల ముందు మంచం వేసుకొని పడుకున్న ఎన్నో సాయంత్రాలు గుర్తొచ్చాయి. ఎంత ప్రశాంతంగా ఉంది అనుకునేదాన్ని. నా నెత్తి మీద అంత కేకలాట జరుగుతుంటే!

మా సారుది చేపల చదువు. చెరువు చేపల సంగతి అడిగితే నిద్రలో లేపినా చెప్తారు. గబ్బిలాలు ఆయనకూ కొత్తే. కానీ వరంగల్ కోట వెనక చేలల్లో పాడుబడ్డ ఒక మెట్లబావి ఉందని, దాంట్లో ఆకుముక్కు గబ్బిలాలు కాపురం ఉంటున్నాయని, అవి ఎన్ని రకాలో ఎవరూ తేల్చలేదని ఆయన చెవిన పడింది. ఆ ఏడాది ఎం.ఫిల్.లో చేరినవాళ్ళం నలుగురం. ముందు వచ్చిన ముగ్గురూ చేపలు పంచుకున్నారు. ఆ రోజు నా బస్సు లేటు. అందుకని గబ్బిలాలు నా నెత్తిన పడ్డాయి. మొహం మాడ్చుకొని కూర్చున్నదాన్ని, ఆ భూతద్దంలోకి చూశాక ఆ ముగ్గురిలో ఎవరు అడిగినా ఇచ్చేదాన్ని కాదు.

సారు మొదటి రోజే అసలు మాట చెప్పారు. జూలైలో కమిటీ కూర్చుంటుంది, పీహెచ్‌డీకి ఒకే సీటు ఉంది, కొత్త సంగతి ఏదైనా తేల్చినవాళ్ళకే అది దక్కుతుంది. దక్కకపోతే నా చదువు అక్కడితో సరి. మా నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్. మా అవ్వ మిర్చి గోదాంలో కాయలు ఏరే కూలి. అవ్వ అంటే మా దిక్కు అమ్మే. మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే. సీటు రాలేదని నేను పెట్టె సర్దుకొని ఇంటికొస్తే వాళ్ళు పల్లెత్తు మాట అనరు. "సరే తియ్, అన్నం తిను" అంటారు. ఆ 'సరే తియ్' అంటేనే నాకు భయంగా ఉండేది.

ఆడపిల్లను ఒంటరిగా పాడుబడ్డ బావిలోకి పంపనని సారు అన్నారు. తోడు ఎవరినైనా తెచ్చుకోమన్నారు. ఇంట్లో చెప్తే అవ్వ నోరు తెరిచింది.

"గబ్బిలాల చదువా? గంత పెద్ద కాలేజీల ఇంకేం చదువు దొరకలేదానే నీకు?"

"దొరకలే."

"ఎప్పుడు పోవాలె?"

"ఆదివారాలు."

"ఆదివారమైతే గోదాం బందే గదా. నేనొస్త పా. మీ నాయనకు మాత్రం చెప్పకు. ఎర్ర జెండా, లాంతరు పట్టుకొని ఆయన గూడ తయారైతడు."

అట్లా ఒక ఆదివారం మేమిద్దరం సద్దిగిన్నె, టార్చిలైటు, సారు ఇచ్చిన సన్న దారం వల పట్టుకొని పోయాం. ఆ వల కూడా చేపలదే. మిరప తోటల నడుమ నుంచి నడిచి పోతే, నేల మీద ఉన్నట్టుండి రాతి మెట్లు మొదలవుతాయి. దిగుతూ పోతే చల్లగాలి మొహానికి కొడుతుంది. మూడో అంతస్తులో రాతి స్తంభాల వసారా. దాని వెనక గోడలో నడుమెత్తు కంత. ఆ కంత అవతల చీకటి గది. అందులోంచి కళ్ళు మండే వాసన ఒకటి వస్తుండేది. నేను ఆ కంత ముందు వంగి చూసి, దగ్గి, కళ్ళు తుడుచుకొని, "ఈ గది మనకొద్దు" అన్నాను.

వసారాలో టార్చి పైకి ఎత్తాను. కప్పు కదిలింది. రాయి కదిలిందనుకొని రెండడుగులు వెనక్కి వేశాను. తర్వాత కళ్ళు సర్దుకున్నాయి. వందలకొద్దీ గబ్బిలాలు, ఒకదానికొకటి తగలకుండా జానెడు ఎడంలో, తలకిందులుగా వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ తన కాళ్ళ మీద తాను అటూ ఇటూ మెల్లగా తిరుగుతూ మొహం నా వైపుకు పెట్టింది. చెవులు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు టపటపా ఆడుతున్నాయి. నన్ను చూస్తున్నాయనుకున్నాను. కాసేపటికి అర్థమైంది, అవి నన్ను వింటున్నాయి. అన్ని ముక్కులు ఒక్కసారిగా నా మీదకు అరుస్తున్నాయి. నా భుజం ఎక్కడుందో, నా జడ ఎంత పొడుగుందో ఆ చీకట్లో వాటికి తెలుస్తోంది. నాకు మాత్రం బావి అడుగున నీటిచుక్క పడే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. అంతమంది ముందు నిలబడి అంత చెవిటిదాన్నయ్యానేమిటా అనుకున్నాను.

"మేకపిల్ల చెవులు గదనే వీటికి" అంది అవ్వ, చీరకొంగు నెత్తికి బిగించుకుంటూ. భయం అనేది ఆమెకు లేదు.

ఆకుముక్కు గబ్బిలాల్ని ఎట్లా గుర్తుపట్టాలో నేర్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. తోలు తొడుగు వేసుకున్న చేత్తో రెక్కలు మూసి పట్టుకోవాలి. కరుస్తుంది, కరవనివ్వాలి. ముంజేయి ఎముకను కాలిపర్‌తో కొలవాలి. చెవి వెడల్పు చూడాలి. ఆ తర్వాతే అసలు సంగతి: భూతద్దం పెట్టి, ముక్కు కింది లాడానికి అటూ ఇటూ చూడాలి. కొన్నింటికి లాడం పక్కన మూడు సన్నటి మడతలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. కొన్నింటికి ఒక్క మడత కూడా ఉండదు. పై నుంచి చూస్తే రెండూ బూడిద రంగే, పక్కపక్కనే వేలాడతాయి. అయినా మూడు మడతలది ఒక జాతి, మడత లేనిది ఇంకో జాతి. లక్షల ఏళ్ళుగా ఒక కప్పు కింద ఉంటూ ఒకదానితో ఇంకొకటి జతకట్టలేదు. మొదటిసారి నా అంతట నేను ఆ మూడు మడతలు లెక్కపెట్టిన రోజు మెట్ల మీద కూర్చొని గట్టిగా నవ్వాను. "ఏమైందే, పిచ్చి లేసిందా?" అంది అవ్వ.

పిచ్చి లేచింది మాత్రం మే నెలలో.

ఒక ఆదివారం సాయంత్రం మెట్ల మీద కూర్చొని సామాను సర్దుతున్నాం. లోపలి చీకటి గదిలోంచి, ఆ కంతలోంచి, ఏదో మెరిసి బయటికొచ్చింది. పొద్దు వెలుగు ఇంకా కొంచెం ఉంది. ఒకటి, రెండు, పది. బూడిద రంగు కాదు, గోధుమ రంగు కాదు. పసుపు కొమ్ము విరిస్తే లోపల ఉండే రంగు. తల నుంచి తోక దాకా బంగారం. నా చెంప పక్క నుంచి ఒకటి పోయింది, దాని గాలి తగిలింది.

"ఓయమ్మో, బంగారమే!" అని అవ్వ లేచి నిలబడింది. నేను వల సంగతి మరిచిపోయి నోరు తెరుచుకొని చూస్తూ ఉండిపోయాను. అవి స్తంభాల నడుమ ఒక్క స్తంభానికీ తగలకుండా మెలికలు తిరుగుతూ మెట్ల మీదుగా పైకి లేచి, మిరప తోటల మీద చీకట్లో కలిసిపోయాయి.

మర్నాడు సారుకు చెప్తే ఆయన కుర్చీలోంచి లేచారు. ఉన్న పుస్తకాలన్నీ బల్ల మీద పరిచారు. ఇంత బంగారు రంగు ఆకుముక్కు గబ్బిలం ఈ జిల్లాలో ఉందని ఎవరూ రాయలేదు. "అమ్మాయ్, ఇది వేరే జాతి అయితే నీ సీటు నీదే. ఎవరూ ఆపలేరు" అన్నారు. నేను గాల్లో తేలిపోయాను.

అప్పటి పద్ధతి ఒకటి చెప్పాలి. కొత్త జాతి అంటే నోటిమాట చెల్లదు, చేతిలో పెట్టి చూపించాలి. అంటే పట్టాలి, క్లోరోఫాం సీసాలో వేయాలి, చర్మం ఒలిచి దూది కూరాలి, కాలికి చీటీ కట్టి ట్రేలో పడుకోబెట్టాలి. అందరూ అదే చేసేవారు, నేనూ చేశాను. వారం మధ్యలో, అవ్వ గోదాంలో ఉన్న రోజుల్లో, ల్యాబు అటెండరును తోడు తీసుకొని నాలుగు సాయంత్రాలు ఆ కంతకు అడ్డంగా వల కట్టాను. బంగారువి ఇరవై రెండు పట్టాను. వసారాలో పగటిపూట పట్టిన మడతల్లేని బూడిదవి ఇంకో ఇరవై. పట్టినవాటిని పట్టినట్టే రెండు బట్ట సంచుల్లో వేశాను: బూడిద సంచి, బంగారు సంచి. కొలతలన్నీ సంచుల లెక్కన రాశాను. రెండింటి ముక్కులూ ఒకటే. ఒక్క మడత లేదు. చెవులూ ఒకటే. కానీ ముంజేయి సగటు తీస్తే బంగారువి అర మిల్లీమీటరు పెద్దవి. అర మిల్లీమీటరు! నేను ఆ అర మిల్లీమీటరు పట్టుకొని పీహెచ్‌డీ దాకా నడిచిపోయాను. సారు ఒక పెద్ద మ్యూజియానికి ఉత్తరం రాశారు. వాళ్ళ జవాబు జూన్ ఆఖరులో వచ్చింది. చాలా ఆసక్తిగా ఉంది, ఇంకో ముప్పై పంపండి అని.

ఆ ముప్పై కోసం బావికి పోయిన ఆదివారమే అవ్వకూ నాకూ గొడవ. అప్పటికి కమిటీ ఎనిమిది రోజుల్లో ఉంది. వసారాలో నేను సంచులు విప్పి పరుస్తుంటే ఆమె చూసింది.

"ఈ రెండు సంచులెందుకే?"

"రెండు రకాలు గదవ్వా. బూడిదవి ఇండ్ల, బంగారువి అండ్ల."

"రెండు రకాలని ఎట్ల తేల్చినవ్?"

"నీ కండ్లకు కనవడ్తలేదా? రంగు."

నవ్వింది. చిన్నగా కాదు, బావి మోగేటట్టు నవ్వింది. "రంగు జూసి రకం జెప్పుడు కొత్తగ కూలికొచ్చినోళ్ళ పని బిడ్డా. చపాట మిర్చి ఎర్రగున్నా చపాటనే, తెల్లగై తాలైనా చపాటనే. తొడిమ జూడాలె, తోలు ముడత జూడాలె. తడి బస్తాల అడుగున పడ్డ కాయ నాలుగొద్దులల్ల రంగిడుస్తది. గంతమాత్రాన అది ఇంకో చెట్టుకు కాసినట్టా?"

నాకు ముక్కు మీదే కోపం. నా సీటును తీసుకుపోయి తడి బస్తాలో పడేసినట్టనిపించింది. "మిర్చికి, గబ్బిలానికి ఏం సంబంధం? పుస్తకాలు చదివిన సారు చెప్పిండు. నువ్వు జర ఊకో" అన్నాను. అని ఆగలేదు. "మరి చిన్నప్పుడు నాకెందుకు నేర్పినవ్? ఎర్రయి ఇటెయ్, తెల్లయి అటెయ్ అని నెత్తి మీద మొట్టి మొట్టి నేర్పినవ్ గదా!"

నాకు అక్షరాలకంటే ముందు వచ్చిన విద్య అదే. ఐదేళ్ళప్పుడు గోదాం నేల మీద అవ్వ పక్కన కూర్చొని, తుమ్ముకుంటూ, ఎర్ర కాయ ఒక కుప్ప, రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయ ఒక కుప్ప పోసేదాన్ని. ఇప్పటికీ నా చేతులు ముందు రంగునే పట్టుకుంటాయి.

అవ్వ నవ్వు ఆపింది. "నువ్వు చిన్నపిల్లవని రంగు నేర్పిన. పిల్లలకు రంగే ఇస్తరు. రకాలు పెద్దోళ్ళేరుతరు. రకాలు నేర్పుదామనుకునే యాళ్లకు నువ్వు బడికి పోయినవ్" అంది.

నాకు గోదాంలో ఏం జరిగేదో ఒక్కసారిగా కళ్ళ ముందు కనపడింది. నిజమే, పిల్లలం రంగు ఏరి పక్కకు తోస్తే, ఆడవాళ్ళు ఆ రెండు కుప్పల్నీ మళ్ళీ కలిపి వేరేగా ఏరేవాళ్ళు. మేం పొద్దంతా చేసిన పనిని ఎందుకు చెడగొడుతున్నారో అని నేను ఏడ్చేదాన్ని కూడా. అయినా ఆ రోజు తగ్గలేదు. "సరే, చూపిస్త పా. నీ మిర్చి ముచ్చట ఈడ నడవది" అన్నాను.

"ఆ గదిలకు పోదాం పా" అంది అవ్వ.

"కండ్లు మండుతయ్."

"పొద్దంత మిర్చి ఘాటు పీల్చినదాన్ని, నాకిదొక లెక్కనా?" అంటూ తువ్వాల నీళ్ళలో ముంచి పిండి, గోదాంలో కట్టుకున్నట్టే ముక్కూ నోరూ కలిపి కట్టుకుంది. నాకూ ఒకటి కట్టింది. కట్టి, చీర ఎగజెక్కి, చేతుల మీద మోకాళ్ళ మీద ఆ కంతలోకి ముందు తానే దూరింది. ఆరు నెలలు గబ్బిలాల మీద చదివిన నేను వెనక పాక్కుంటూ పోయాను.

లోపల గాలి లేదు. ఏళ్ళకేళ్ళ రెట్ట చీలమండ ఎత్తున పేరుకొని ఉంది. దాని అమోనియా ఆవిరి కళ్ళలోకి సూదుల్లా దిగింది. బొటబొటా నీళ్ళు కారుతున్న కళ్ళతోనే టార్చి పైకి ఎత్తాను.

కప్పంతా బంగారం. ఎక్కడ వెలుగు పడితే అక్కడ బంగారు బొచ్చు మెరుస్తోంది. ఒక్కొక్క దాని పొట్టకు ఏదో నల్లగా అతుక్కొని ఉంది. పుండేమో అనుకున్నాను. దగ్గరకు పోతే పిల్ల! తల్లి తలకిందులుగా వేలాడుతుంటే, పిల్ల తల్లికి ఎదురుదిక్కుగా, తల పైకి పెట్టి వేలాడుతోంది. వీటికి పాలు ఛాతీ దగ్గర ఉంటాయి. కానీ పొత్తికడుపు కింద ఇంకో రెండు చనుమొనల్లాంటివి ఉంటాయి. వాటిలో పాలు రావు. పిల్ల నోటితో పట్టుకొని వేలాడటానికే అవి. అవి ఉంటాయని పుస్తకంలో చదివాను. కళ్ళతో చూడటం వేరు. ఒక జీవి తన పిల్ల పట్టుకోవడానికి తన ఒంట్లోనే ఒక పిడి పెట్టుకొని పుట్టింది. దేవుడి మీద నాకు పెద్దగా పట్టింపు లేదు, కానీ ఆ క్షణం ఎవరికో ఒకరికి దండం పెట్టాలనిపించింది.

"పిల్లల్ని జూడు" అంది అవ్వ, తువ్వాల లోపలి నుంచి.

చూశాను. బంగారు తల్లి పొట్ట మీద బూడిద రంగు పిల్ల. పక్క తల్లికీ బూడిద పిల్లే. ఆ పక్కదానికీ. ఒక్క బంగారు పిల్ల లేదు.

నేను నోరు మెదపకముందే ఆమె వేలు ఇంకో మూలకు చూపించింది. ఆ వేళ్ళకు ఎంత చీకట్లోనైనా తేడా కాయ దొరుకుతుంది. అక్కడ ఒకటి వేలాడుతోంది. మెడ నుంచి నడుము దాకా బంగారు బొచ్చు రాలిపోయి, దాని కింద నుంచి కొత్త బొచ్చు మొలుస్తోంది. ఆ కొత్త బొచ్చు బూడిద రంగు. పొట్ట, తల ఇంకా బంగారమే. ఒకే ఒంటి మీద నా రెండు సంచులూ ఉన్నాయి. అది మెల్లగా మా వైపు తిరిగి, ఆ ఆకు ముక్కును ఎత్తి, చెవులాడిస్తూ మమ్మల్ని విన్నది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నా సీటు పోయిందన్న సంగతి కూడా అప్పుడు గుర్తు రాలేదు. ఒక గది గాలి, కళ్ళు మండే వట్టి గాలి, ఇంత ప్రాణిని ఇంత బంగారంగా మార్చగలదా! మళ్ళీ లోపల నుంచి బూడిద రంగు తన పాటికి తాను మొలుచుకొస్తుందా! చెంపల మీద కారే నీళ్ళు ఘాటువో, ఇంకేవో తెలియలేదు.

బయట మెట్ల మీద కూర్చొని నోటుపుస్తకం తీశాను. ఆడవాటి కొలతలు ఒక పక్క, మగవాటివి ఒక పక్క రాశాను. మొదటి నుంచీ చేయాల్సింది ఆ పనే. బంగారు సంచిలోవి ఇరవై రెండూ ఆడవే. బూడిద సంచిలో నాలుగైదే ఆడవి, మిగతావన్నీ మగవి. ఆడవి కొంచెం పెద్దవి, అంతే. ఆ నాలుగైదు బూడిద ఆడవాటిని బంగారువాటి పక్కన పెడితే నా అర మిల్లీమీటరు మాయమైంది.

"నేను చెప్పకుంటే ఎవ్వలకూ తెల్వదవ్వా" అన్నాను. నిజమే. సారు చేపల మనిషి. మ్యూజియం వాళ్ళు తేల్చేసరికి నా చదువు సగం అయిపోతుంది.

"చెప్తే ఏమైతది?"

"సీటు పోతది."

ఆమె సద్దిగిన్నె మూత తీసి నా ముందు పెట్టింది. తర్వాత, "ఇంకో ముప్పై కావాలన్నరంటివి గదా" అంది.

ఆ రోజు వల విప్పలేదు. ఖాళీ సంచులతో ఇంటికొచ్చాం. మూడు రోజులు ల్యాబుకు పోలేదు. జ్వరమని కబురు పంపాను. నాలుగో రోజు పోయి సారు ముందు నిలబడ్డాను. తర్వాత కళ్ళు మూసుకొని ఒక్క గుక్కలో చెప్పేశాను. బూడిద పిల్లలు, రాలే బొచ్చు, ఆడ మగ కలిపి తీసిన సగటు, అంతా. సారు నా నోటుపుస్తకం తీసుకొని లెక్క మళ్ళీ తానే చేశారు. రెండుసార్లు చేశారు. "ఎవరు చూశారమ్మా మొదట?" అన్నారు. "మా అవ్వ సార్" అన్నాను. మర్నాడు ఆయన స్కూటర్ మీద బావికి వచ్చి, ప్యాంటు మడిచి, ఆ కంతలో దూరి, బయటికొచ్చి ఎర్రటి కళ్ళతో మెట్ల మీద కూలబడ్డారు. "ఏం చూశానమ్మా, ఏం చూశాను!" అని అదే మాట అంటూ ఉన్నారు. మ్యూజియానికి ఉత్తరం ఆ రోజే రాశారు. ముప్పై పంపడం లేదు, పొరబాటు మాదే అని.

సీటు చేపలకు పోయింది. నాకు ఇంకో ఏడాదికి గానీ రాలేదు. ఆ సోమవారం కమిటీ గది బయట బెంచీ మీద కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చాను. నిజం చెప్పినందుకు మనసు తేలిక పడుతుందంటారు. నాకైతే పడలేదు, ఒళ్ళు మండిపోయింది.

ఆ వారమే సారు అవ్వను ల్యాబుకు తీసుకురమ్మన్నారు. ఆమె బయట నల్లా దగ్గర కాళ్ళు కడుక్కొని లోపలికొచ్చింది. సారు కుర్చీ వేసి "కూర్చోండమ్మా" అంటే కూర్చోలేదు. ఆయన డ్రాయర్ బయటికి లాగారు. ఎడమ ట్రేలో బూడిదవి, కుడి ట్రేలో బంగారువి, కాళ్ళకు చీటీలతో వరసగా పడుకొని ఉన్నాయి.

"ముట్టుకోవచ్చునా సారూ?"

"ముట్టుకోండి."

చేతులు కొంగుకు తుడుచుకొని ఒక బంగారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తింది. ముక్కు చూసింది, చెవి చూసింది, తీసుకుపోయి బూడిద ట్రేలో పెట్టింది. ఇంకోటి ఎత్తింది. చీటీలు ఆమెకు చదవరావు. సారు ఆపలేదు, నేనూ ఆపలేదు. ఆ వేళ్ళు గోదాంలో ఎంత వేగంగా ఆడేవో అంతే వేగంగా ఆడుతున్నాయి. ఏడో ఎనిమిదో దాని దగ్గర వేగం తగ్గింది. దాన్ని వెల్లకిలా తిప్పి ఛాతీ మీద బొటనవేలితో రాసింది. అక్కడ బొచ్చు అరిగిపోయి చర్మం కనపడుతోంది. అప్పటిదాకా పెట్టినవాటిని కూడా మళ్ళీ ఎత్తి వెల్లకిలా తిప్పింది. తర్వాత ఒక్కొక్కటి, మెల్లగా, ఇరవై రెండూ అయ్యేదాకా. కుడి ట్రే ఖాళీ అయింది.

"ఇవన్ని పాలిచ్చే తల్లులే గదనే" అంది, నా వైపు తిరగకుండా. "వీటి పిల్లలేమైనయ్?"

నాకు తెలుసు. సాయంత్రం తల్లులు పిల్లల్ని కప్పుకు వేలాడదీసి మేతకు పోతాయి. నేను వల కట్టింది అవి బయటికొచ్చే ఆ కంతకే. ఆ ఈడు పిల్ల పాలు లేకుండా రెండు రోజులు బతికితే ఎక్కువ. ఒకదాని పిల్లకు ఇంకొకటి పాలివ్వదు. ఆ పిల్లలు తల్లి కోసం అరిచే అరుపు మాత్రం, శ్రద్ధగా చెవి పెట్టి వింటే, మనకు కొంచెం వినపడుతుందట. ఇవన్నీ నేను అప్పటికే చదివాను. మా అవ్వ ఆ డ్రాయర్ అంచు పట్టుకొని జవాబు కోసం ఆగింది.

"తెల్వదవ్వా" అన్నాను.